బడి మొత్తంలో చదివే సామర్థ్యం పెరగాలంటే టీచర్లకు శిక్షణ ఎలా ఇవ్వాలి

ఏడాదికోసారి రెండు రోజుల వర్క్‌షాపు పెడితే తరగతి గదిలో దాదాపు ఏమీ మారదు. శిక్షణ బడిలోనే, టీచర్లు రేపు చెప్పబోయే పాఠంతోనే, ఆరేసి వారాల విడతలుగా జరగాలి.

ముందు రెండు వారాలు పిల్లల్ని పరీక్షించండి. 6, 7, 8 తరగతుల్లో ఒక్కొక్కరి చేత కొత్త పేరా ఒకటి నిమిషం పాటు పైకి చదివించి, సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టండి. అదే స్థాయిలో ఉన్న ఇంకో పేరాను మీరు చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడగండి. వింటే అర్థమై, చదవడంలో తడబడేవాళ్లు ఒక రకం. గడగడా చదివినా, విన్నా చదివినా అర్థం కానివాళ్లు ఇంకో రకం. చదివి గ్రహించడమంటే పదాన్ని గుర్తుపట్టడం, భాషను అర్థం చేసుకోవడం, ఈ రెంటి గుణకారమని పరిశోధకులు గఫ్, టన్మర్ 1986లో చెప్పారు. ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ఈ తేడా చూడకుండా అందరికీ ప్రశ్నజవాబుల అభ్యాసమే ఇచ్చే బళ్లలో కూడబలుక్కుని చదివే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

వాళ్ల కోసం ఇద్దరు భాషా టీచర్లకు విడిగా శిక్షణ ఇవ్వండి. నలుగురైదుగురు పిల్లలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట. నూరు పదాల పేరాను మూడు నాలుగు సార్లు చదివించాలి, తప్పును అక్కడికక్కడే దిద్దాలి.

మిగతా టీచర్లందరికీ విడతకు ఒక్క పనే నేర్పండి. పరిశోధకులు పాలింక్సార్, బ్రౌన్ 1984లో ఏడో తరగతి పిల్లలతో పరీక్షించిన పద్ధతిలో నాలుగు పనులున్నాయి: ఊహించడం, ప్రశ్న వేయడం, తెలియనిది తేల్చుకోవడం, సారాంశం చెప్పడం. నాలుగూ ఒకేసారి నెత్తికెత్తితే ఏదీ నిలవదు. మొదటి విడతలో సారాంశం చాలు: పుస్తకం మూసి, ఇరవై పదాల్లోపు. పుస్తకం తెరిచి ఉంచితే పిల్లలు మొదటి వాక్యం ఎత్తి రాసేస్తారు.

“చదవడం నేర్పడం భాషా టీచర్ పని కదా” అని సైన్సు టీచర్ అంటారు. ఆయన పాఠాన్నే ముందు పెట్టండి. జీవశాస్త్రంలో ‘కణం’ వేరు, భౌతికశాస్త్రంలో ‘కణం’ వేరు. ఆ తేడా ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు.

మొదటి సమావేశం 45 నిమిషాలు. పది నిమిషాలు ఒకరు చేసి చూపిస్తారు, మిగతావాళ్లు పిల్లల్లా కూర్చుంటారు. ఇరవై నిమిషాలు జంటలుగా సాధన. మిగిలిన సమయంలో రేపటి పాఠంలో సారాంశం కోసం ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత నాలుగు వారాలు, వారానికి రెండు పీరియడ్లలో అమలు. తోటి టీచర్ ఒకరు పక్షానికోసారి పావుగంట వెనక కూర్చుని చూసి, అదే రోజు ఒక్క విషయమే మాట్లాడాలి. ఈ పరిశీలన ప్రధానోపాధ్యాయుల ఫైల్లోకి వెళ్లకూడదు. వెళ్లిందంటే, చూడటానికి వచ్చిన రోజున ప్రదర్శన పాఠమే కనిపిస్తుంది.

పరిశీలకులు ముఖ్యంగా చూడాల్సింది మౌనం. ప్రశ్న వేసిన టీచర్ సెకను కూడా ఆగకుండా జవాబు తామే చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి. ఇంకొకటి, వరసగా ఒక్కొక్కరి చేత చదివించే అలవాటు: నలభై మంది తరగతిలో ఒక్కో బిడ్డకు పీరియడ్‌కు నిమిషం దక్కుతుంది. జంటగా చదివిస్తే సగం పీరియడ్ దక్కుతుంది.

ఆరో వారం పిల్లలు రాసిన సారాంశాలు తెచ్చి, బాగున్నవి, సగం పట్టినవి, దారి తప్పినవి అని మూడు కుప్పలు చేయండి. తర్వాతి విడతలో ఏం నేర్పాలో మూడో కుప్పను బట్టి తేల్చండి.