పెంపుడు జంతువులున్న ఇంటికి మొక్కల ఎంపిక – 3వ పాఠం: కంద బంధువులు

గత పాఠంలో ఇంట్లో వెలుతురు పడే చోట్లను, పిల్లి ఎక్కగలిగే ఎత్తులను గుర్తించాము. ఈసారి కొనబోయే మొక్క ఏ కుటుంబానికి చెందినదో గుర్తుపట్టడం నేర్చుకుందాము.

పర్లాకిమిడి సంతలో ఒడియావారు ఓలుఅ, సారు అని అడిగేవాటినే మనం కంద, చామ అంటాము. కంద తరిగితే చేతులు దురద పెట్టడానికి ముఖ్య కారణం అందులో సూదుల్లాగా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. మనమైతే చింతపండు వేసి, బాగా ఉడికించి తింటాము. పిల్లి పచ్చి ఆకునే కొరుకుతుంది. మనీప్లాంట్, డిఫెన్‌బాకియా, సింగోనియం, ఆంథూరియం, పీస్ లిల్లీ, ఇవన్నీ కంద కుటుంబానివే. ఒక సాయంత్రం మా పిల్లి మనీప్లాంట్ ఆకు అంచును రెండు కాట్లు కొరికి, గడ్డం తడిసేలా చొంగ కారుస్తూ, ముందుకాలితో మూతిని గీరుకుంటూ కూర్చుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ పూట దురదంతా దానిదే. నోటిని తడిగుడ్డతో తుడిచి, నీళ్లు పట్టి, కొరికిన ఆకుతో సహా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. ఇటువంటప్పుడు సొంతంగా వాంతి చేయించకూడదు.

ఈ కుటుంబానికి గుర్తు పువ్వు: పాము పడగలాంటి ఒక రేకు, దాని ముందు నిలువుగా ఒక కంకి. కుండీలోని మనీప్లాంట్ దాదాపుగా పూయదు కనుక, దానిని ఆకును బట్టే గుర్తుంచుకోవాలి.

పేర్లను మాత్రం నమ్మకూడదు. పీస్ లిల్లీ అసలు లిల్లీ కాదు, నోటిని మండిస్తుంది. పూలగుత్తులలో వచ్చే అసలు లిల్లీ (లిలియం; మనం దండల్లో కట్టే లిల్లీ కాదు) పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా ప్రమాదమే. లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు. అదేవిధంగా అరెకా పామ్ నిరపాయకరం, సాగో పామ్ అని అమ్మే సైకస్ కాలేయాన్ని పాడుచేస్తుంది. అరెకా ఆకు మెత్తగా వంగుతుంది, సైకస్ ఆకు కొన గుచ్చుకుంటుంది.

స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, ఆఫ్రికన్ వయొలెట్ విషం లేనివి. మొదటి కుండీకి నా ఓటు స్పైడర్ ప్లాంటుకే; పిల్లి కొరికినా మళ్లీ చిగురిస్తుంది.

అభ్యాసం: మీ ఇంట్లోని ప్రతి కుండీ మీద మొక్క పేరుతో పాటు కుటుంబం పేరు రాసి అంటించండి. కంద కుటుంబానివి ఎన్ని తేలాయో లెక్కపెట్టి, వాటిని ఏ గదిలోకి మార్చవచ్చో గుర్తించి ఉంచండి. వచ్చే పాఠం అక్కడినుండే మొదలవుతుంది.