దోమలా, నల్లులా?

పొద్దున లేచేసరికి చేతి మీద వరసగా మూడు నాలుగు దద్దుర్లు. దోమలనుకుని నెల రోజులు కాయిల్స్ వెలిగించాం. ఓ రాత్రి రెండింటికి టార్చ్ వేసి పరుపు కుట్ల వెంబడి చూస్తే పెన్ను చుక్కల్లాంటి నల్లటి మరకలు. తడిగుడ్డతో రుద్దితే తుప్పు రంగులో సాగాయి. నల్లులే!

దుప్పట్లు, గలీబులు గదిలోనే సంచిలో కట్టి తీసుకెళ్లి, 60 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో అరగంట నానబెట్టాం. మంచం కోళ్ల బెజ్జాల్లో, పట్టెల సందుల్లో మరిగే నీళ్లు సన్నటి ధారగా పోశాం. గుడ్లు పగలడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి పదో రోజున, ఇరవయ్యో రోజున మళ్లీ చేయాల్సిందే.

ప్లైవుడ్ మంచానికి మాత్రం వేడినీళ్లు వద్దు, ఉబ్బిపోతుంది. మందపాటి పరుపు ఎండలో వేసినా లాభం తక్కువ, నల్లులు నీడ వైపుకి జరిగిపోతాయి.