కరాకస్‌లో జీతం పడిన రోజు ఏం చేయాలి

2016 నుంచి రెండేళ్లు వెనెజువెలా రాజధానిలో ఉన్నాను. కొత్తగా దిగిన మనవాళ్లకు అప్పట్లో చెప్పిన జాగ్రత్తలివి.

జీతం పడిందని ఫోన్ మోగగానే లేవండి. బొలీవర్లు (అక్కడి డబ్బు) చేతిలో ఉంచుకోకండి. తర్వాత కొందాంలే అనుకుంటే అదే డబ్బుకు తక్కువ సరుకే వస్తుంది. ముందు కొనాల్సింది చెడిపోనివి: నూనె, సబ్బు, బియ్యం, మొక్కజొన్న పిండి. పిండి సర్కారు ధరకు కావాలంటే మీ గుర్తింపు కార్డు చివరి అంకెకు ఏ రోజు కేటాయించారో చూసుకుని, తెల్లవారకముందే వరసలో నిలబడాలి. నేనోసారి ఐదు గంటలు నిలబడ్డాను, నా ముందు ఇద్దరుండగా సరుకైపోయింది. దొరికితే ఉప్పు, నీళ్లు వేసి కలిపి, అరచేత్తో తట్టి పెనం మీద కాల్చండి. అరేపా అంటారు, మన మొక్కజొన్న రొట్టెకు కాస్త మందపాటి చెల్లెలు.

నోట్లకు సంచీ తీసుకెళ్లండి. కొందరు దుకాణదారులు లెక్కపెట్టే ఓపిక లేక తూకం వేసేవారు! 2018 ఆగస్టులో బొలీవర్ విలువలోంచి ఐదు సున్నాలు తీసేశారు, ధరలు మాత్రం ఆగలేదు.

ఎందుకిలా? అప్పట్లో దేశం ఎగుమతి రాబడి దాదాపు అంతా చమురుదే. అధ్యక్షుడు చావెజ్ హయాంలో పీపా వంద డాలర్లు దాటినప్పుడు చాలా సరుకులు దిగుమతే. 2014లో చమురు ధర కూలింది, దిగుమతికి డాలర్లు కరువయ్యాయి. చావెజ్ తర్వాత వచ్చిన మదురో సర్కారు నోట్లు అచ్చేసింది, ధరలు కట్టడి చేసింది. గిట్టుబాటు కాక సరుకే మాయమైంది.

పెట్రోలు ధర గురించి మాత్రం దిగులుండేది కాదు, అప్పట్లో మంచినీళ్ల సీసా కంటే చవక.