నొప్పి సూది వేయించుకునే ముందు, ఆ తర్వాత

మూత్రపిండంలో రాయి కదిలి మెలికలు తిరిగిపోయే రాత్రి, నడుము పట్టేసి మంచం దిగలేని ఉదయం, ఆపరేషన్ అయిన మొదటి రోజు, డైక్లోఫెనాక్, కీటోరొలాక్ వంటి ఇంజెక్షన్లు నిజంగా ఆదుకుంటాయి. కానీ హైదరాబాద్‌లో మోకాలు కాస్త సలిపినా, ఆటో నడిపి నడిపి వెన్ను లాగినా, "ఒక సూది వేయించుకుంటే పోతుంది" అనుకుని గల్లీ చివరి మెడికల్ షాపుకు వెళ్లే అలవాటు మనలో చాలామందికి ఉంది. చట్టప్రకారం ఇవి డాక్టరు రాసిన చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. ఆ నిబంధన ఎందుకుందో తెలిస్తే చీటీ అడిగినవారి మీద మనకు కోపం రాదు.

"సూదే కదా, కడుపుకు ఏమీ కాదు" అనే మాటను ముందు మనసులోంచి తీసేయాలి. మాత్రగా మింగినా, కండలోకి ఎక్కించినా ఈ మందు చివరికి చేరేది రక్తంలోకే. అక్కడ అది ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని తగ్గిస్తుంది. నొప్పినీ వాపునీ పెంచేవి అవే, కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. అందుకే పుండు ఉన్న కడుపులో రక్తస్రావం జరగడానికి, బలహీనంగా ఉన్న కిడ్నీ మరింత దెబ్బతినడానికి ఇంజెక్షన్ కూడా కారణం కావచ్చు.

ఇది మా ఇంట్లోనే చూశాను. మా అమ్మకు అప్పుడు 67 ఏళ్లు. రక్తపోటుకు టెల్మిసార్టన్, దానితో పాటు ఒంట్లో నీరు తీసే మందు కలిసిన మాత్ర వాడేది. మే నెల ఎండల్లో, నీళ్లు సరిగా తాగని రోజుల్లో, మోకాలి నొప్పికి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో వరుసగా మూడు రోజులు సూది వేయించాము. నాలుగో రోజు పొద్దున చెప్పులు పట్టనంతగా పాదాలు వాచాయి, మూత్రం బాగా తగ్గింది, పరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు తగ్గితే పెరిగే క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. సూది ఆపి, దవాఖానలో చేర్చాక కోలుకుంది. ఏ మాత్రలు వాడుతున్నారని సూది వేసిన క్లినిక్‌లో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

కాబట్టి డాక్టరు అడిగినా అడగకపోయినా కొన్ని విషయాలు మీరే చెప్పండి: గతంలో కడుపులో పుండు లేదా నల్లటి విరేచనం, గుండెపోటు లేదా బైపాస్ ఆపరేషన్, కిడ్నీ జబ్బు, ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్ర గానీ వేసుకుంటే ఆయాసం రావడం. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచన చేసే మందులు, బీపీ మాత్రలు, లిథియం, మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఆ అట్టలే తీసుకెళ్లి చూపించండి. గర్భం 20 వారాలు దాటినవారు ఈ రకం మందులకు దూరంగా ఉండాలి.

వానాకాలంలో మన నగరంలో జ్వరంతో ఒళ్లు నొప్పులు వస్తే ముందు డెంగీని అనుమానించాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు ఈ మందు రక్తస్రావాన్ని పెంచుతుంది, కండలోకి దిగిన సూది చుట్టూ కూడా రక్తం గూడుకట్టవచ్చు. డెంగీ కాదని తేలేదాకా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకోండి.

ఇక మోతాదు సంగతి. పెద్దలకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సాధారణంగా ఒకసారికి 75 మిల్లీగ్రాములు. రోజుకు మొత్తం 150 దాటకూడదు, సూదిగా రెండు రోజులకు మించకూడదు. సాయంత్రం వేసుకోమని ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర కూడా ఆ 150లోనే లెక్కకు వస్తుంది. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అదే కుటుంబానివి కాబట్టి సూది వేయించుకున్న రోజు ఇంట్లో ఉన్న పాత నొప్పి మాత్రల జోలికి వెళ్లకండి. కీటోరొలాక్ అయితే సూది, మాత్రలు కలిపి 5 రోజులే. 65 ఏళ్లు దాటినవారికి, 50 కిలోల లోపు బరువున్నవారికి డోసు తగ్గించాలి.

ఆంప్యూల్‌ను, అంటే మందు ఉండే చిన్న గాజు సీసాను, మీరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొన్నిటిలో 3 మిల్లీలీటర్లకు 75 మిల్లీగ్రాములు ఉంటే, మరికొన్నిటిలో ఒక్క మిల్లీలీటరులోనే అంతే మందు ఉంటుంది. చూడాల్సింది మిల్లీగ్రాముల అంకెను, దాని పక్కన గడువు తేదీని. మనుషుల కోసం చేసే డైక్లోఫెనాక్‌ను 3 మిల్లీలీటర్లకు మించని ఒక్క డోసు సీసాల్లోనే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం 2015లో ఆదేశించింది. పెద్ద సీసాలు పశువులకు మళ్లి, ఆ కళేబరాలను తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోతుండటమే ఆ ఆదేశానికి కారణం. కాబట్టి ఒకే పెద్ద సీసాలోంచి నలుగురికీ మందు తీస్తుంటే వద్దని చెప్పి వచ్చేయండి.

సిరంజి కవరు మీ కళ్లముందే చింపాలి. అదే సిరంజిలో ఇంకో మందు కలపకూడదు. కండలోకి వేసే డైక్లోఫెనాక్‌ను పిరుదు పైభాగంలో, బయటివైపు, లోతుగా వేస్తారు. కిందికో, లోపలికో జరిగితే కాలికి వెళ్లే పెద్ద నరానికి గాయమై పాదం వాలిపోవచ్చు. అందుకే నిలబడి, దుస్తులు కొద్దిగా జరిపి వేయించుకోవద్దు, పడుకోండి. సూది దిగుతుండగా కాలి కిందిదాకా కరెంటు కొట్టినట్టు అనిపిస్తే వెంటనే ఆపమని చెప్పండి. రెండో డోసు అవసరమైతే రెండో పక్కన వేయించుకోవాలి.

వేయించుకున్నాక కనీసం 20, 30 నిమిషాలు అక్కడే కూర్చోండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం మొదలైతే చికిత్స చేయగలవారు ఎదురుగా ఉంటారు. సూది వేసిన చోట భరించలేని నొప్పితో చర్మం పాలిపోయి, నీలంగా మచ్చలు తేలితే అక్కడి రక్తప్రసరణ దెబ్బతిన్నట్టు. కాపడం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకుండా ఆ గంటలోనే పెద్ద దవాఖానకు వెళ్లాలి. తారులాంటి విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. సూది వేయించుకున్న రోజుల్లో నీళ్లు బాగా తాగండి. గుండె జబ్బు వల్ల నీళ్లు తగ్గించమన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి. మద్యం ముట్టవద్దు.

వచ్చేటప్పుడు మందు పేరు, మిల్లీగ్రాములు, వేసిన సమయం ఒక చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. నొప్పి తిరగబెట్టి మర్నాడు బస్తీ దవాఖానకు వెళ్తే, అక్కడి డాక్టరు ముందు ఆ చీటీ పెట్టండి.