పాత కారు ఇంజిన్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఎగ్జాస్ట్ వాల్వ్‌కి నూనె, చేత్తో పరీక్ష

పోయిన పాఠంలో కార్బురేటర్ కడిగాం. ఈసారి ఫోర్డ్ మోడల్ టీ ఎగ్జాస్ట్ వాల్వ్, అంటే కాలిన పొగను సిలిండర్ నుంచి బయటికి వదిలే భాగం, చూద్దాం. 1908లో వచ్చిన తొలి బళ్లలో వాల్వ్ కాడలు (వాల్వ్ కింది సన్నటి కడ్డీలు), స్ప్రింగులు ఇంజిన్ పక్కన బయటికే కనిపించేవి. వాటికి మూతలు 1911 ప్రాంతంలో వచ్చాయి. అంతకుముందు బండి అయితే కాడకు నూనె మనమే పెట్టాలి.

నూనె ఎక్కువైతే మాత్రం ప్రమాదమే. ఎగ్జాస్ట్ కాడ విపరీతమైన వేడిలో పనిచేస్తుంది. చిక్కటి నూనె గైడులో (కాడ పైకీ కిందికీ జారే రంధ్రంలో) మాడి, గట్టి మసిగా మారి, కాడనే పట్టేస్తుంది.

పరీక్షకు ముందు స్విచ్ ఆపండి. చేతి బ్రేకు లివర్ పూర్తిగా వెనక్కి లాగండి. ఇంజిన్‌ను చేత్తో తిప్పే ముందు హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. పైకే లాగండి, కిందికి నొక్కొద్దు. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. ఈ ఒక్క మాట దయచేసి మర్చిపోకండి.

నెమ్మదిగా తిప్పితే ప్రతి అర చుట్టుకీ ఒక సిలిండర్ రబ్బరు బంతిలా చేతికి ఎదురు తిరగాలి. ఎక్కడైనా హ్యాండిల్ తేలిగ్గా జారిపోతే అక్కడ గాలి కారుతోంది. అది ఏ సిలిండరో తెలియాలంటే ఒక్కో ప్లగ్గునే ఉంచి, మిగతావి తీసి తిప్పండి. దొరికాక అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పట్టు (చేతికి తగిలే ఆ ఎదురు) పెరిగితే లోపం పిస్టన్ రింగులది. పెరగకపోతే వాల్వ్ మీదే అనుమానం.

ఇప్పుడు హ్యాండిల్ ఇంకొకరికిచ్చి మీరు కాడల దగ్గర కూర్చోండి. ఎనిమిది కాడల్లో ముందు నుంచి లెక్కపెడితే 1, 4, 5, 8 ఎగ్జాస్ట్‌వి. కాడను కింద నుంచి నెట్టే పుష్‌రాడ్ దిగుతుంటే కాడ కూడా దాని వెంటే దిగాలి. వాల్వ్ మూసుకున్నాక రెండింటి మధ్య సందు అంగుళంలో 64వ వంతుకు తగ్గకూడదు, 32వ వంతుకు మించకూడదు. సందు ఎక్కువగా ఉంటే స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగు అడుగు వాషర్‌ను కిందికి నొక్కండి. కాడ టక్కున దిగిందా, ఇరుక్కుపోయినట్టే. కదలకపోతే కాడ అడుగు అరిగి ఉండొచ్చు.

ఇరుక్కున్నదైతే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కాడ గైడులోకి వెళ్లేచోట కొంచెం కిరోసిన్ పట్టించండి. కాసేపు నాననిచ్చి, హ్యాండిల్ చాలాసార్లు తిప్పి, మసి తుడిచేయండి. ఆ తర్వాత పల్చటి నూనె ఒక్క చుక్క చాలు. మళ్లీ పట్టు చూడండి. తిరిగొచ్చిందంటే హెడ్ (సిలిండర్ల పై కప్పు) విప్పనక్కర్లేదు. కొందరు ఈ పరీక్ష చేయకుండానే వాల్వ్ అరగదీయడానికి దిగుతారు; వాల్వ్ ఆనే మంచి సీటు అనవసరంగా పాడవుతుంది.

పట్టు రాకపోతే హెడ్ బోల్టులు 15 విప్పాల్సిందే. సీటు మీద పెన్సిల్ గీతలు గీసి, వాల్వ్ ఎక్కడ ఆనడం లేదో కనిపెట్టడం వచ్చే పాఠంలో. అప్పటికి నాలుగు సిలిండర్ల పట్టు ఎలా ఉందో, నూనెకు ముందూ తర్వాతా, కాగితం మీద రాసి ఉంచండి.