పొరుగింటి కుక్కలు మీదికి వస్తుంటే: కాటు పడకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

పొరుగింట్లో కోపిష్టి కుక్కలు ఉన్నప్పుడు వాటి జాతి ఏమిటి, అవి ఎంత పెద్దవి అన్న విషయాలకన్నా ముందుగా, అవి ఏయే వేళల్లో ఏ దారిన బయటికి రాగలవో తెలుసుకోవాలి. రోజంతా ప్రహరీ వెనుక మొరిగే కుక్క వల్ల విసుగే తప్ప గాయం కలగదు. ప్రమాదమంతా గేటు తెరిచి ఉండే ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంటుంది. ఇంటివారు బండి లోపలికి తెచ్చుకునేటప్పుడు, వచ్చినవారిని సాగనంపేటప్పుడు, చెత్త బయట పెట్టేటప్పుడు కుక్క వారి కాళ్ళ పక్కనుంచి జారి వీధిలోకి దూకుతుంది. ఒక వారం రోజులు గమనించి ఆ వేళలను రాసి పెట్టుకుంటే, పిల్లలను బడికి పంపే సమయాన్నీ మీ నడక దారినీ కొద్దిగా మార్చుకోవడం సాధ్యమవుతుంది. అలాగే గేటు కింద సందు ఎంత ఉంది, గోడ పక్కన మట్టి తవ్విన గుర్తులు ఉన్నాయా, గోడకు ఆనించిన ఇసుక కుప్పో ఇటుకల దొంతరో కుక్కకు మెట్టుగా మారుతోందా అన్నవి కూడా చూడాలి. రెండిళ్ళ మధ్య ఉన్నది ఇనుప జాలీ అయితే మీ వైపు నుంచి రేకో చెక్కో అడ్డుపెట్టి చూపు అందకుండా చేయండి. అవతల తిరిగే మనిషి కంటికి కనిపిస్తూ చేతికి చిక్కకపోతే కుక్కలో అసహనం రోజురోజుకూ పెరుగుతుంది. చూపు మరుగైతే చాలా కుక్కలు కొంతైనా నెమ్మదిస్తాయి.

కుక్క ఉద్దేశం దాని ఒంటి తీరులో ముందే తెలుస్తుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి గేటు దాటడం మంచిది కాదు, ఎందుకంటే మొరుగుతూనే కరిచే కుక్కలూ ఉన్నాయి, చప్పుడు చేయకుండా కరిచేవీ ఉన్నాయి. ఒళ్ళంతా బిగుసుకుపోవడం, మెడ వెనుక వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, పై పెదవి లేచి పళ్ళు కనిపించడం, రెప్ప వేయకుండా చూడడం, కనుకొనల్లో తెల్లగుడ్డు బయటపడడం, గొంతులోనే గుర్రుమనడం అన్నవి హెచ్చరికలు. తోక ఊపినంత మాత్రాన స్నేహం అనుకోకూడదు. తోకను నిటారుగా, బిర్రుగా పైకెత్తి చిన్నగా ఆడించే కుక్క ఉద్రేకంలో ఉన్నట్టు లెక్క.

ఇక యజమానితో మాట్లాడడం అన్నిటికన్నా ముఖ్యమైన పని, చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. కుక్క వెంటబడిన క్షణంలోనే అరుస్తూ వెళ్ళి గొడవ పడితే ఆయన తన కుక్కను వెనకేసుకు రావడం తప్ప మరేమీ చేయరు. మర్నాడు తీరికగా, ఎదురుగా కుక్క లేని చోట, జరిగినది జరిగినట్టు చెప్పాలి. “మీ కుక్కలు మంచివి కావండీ” అంటే అది నింద అవుతుంది. “నిన్న సాయంత్రం మీ గేటు తీసి ఉన్నప్పుడు నల్ల కుక్క మా పాప వెంటబడిందండీ, తలుపు దానంతటదే మూసుకునేలా గేటుకు స్ప్రింగు పెట్టిస్తే బాగుంటుంది” అంటే అది చేయదగిన పని అవుతుంది. “అది ఏమీ చేయదండీ, ఆడుకోవడానికే వస్తుంది” అన్న జవాబు మీకు తప్పకుండా ఎదురవుతుంది. ఆయన అబద్ధం చెబుతున్నారనుకోనక్కర లేదు, ఇంటివారి దగ్గర అది నిజంగానే అలా ఉంటుంది. కొత్తవారి దగ్గర ఎలా ఉంటుందో ఆయన చూడలేదు, అంతే. అందుకే సెల్‌ఫోనులో తీసిన చిన్న వీడియో పది మాటలకన్నా బాగా పనిచేస్తుంది. గేటుకు గట్టి గడియ, వీలైతే లోపల రెండో తలుపు, వీధిలోకి తెచ్చినప్పుడు గొలుసు, మూతికి బుట్ట, రేబిస్ టీకాల చీటీ: ఈ ఐదింటినీ అడగడానికి మొహమాటపడవద్దు. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మీదికి వస్తుంటే నొప్పో జబ్బో కారణం కావచ్చునని, పశువైద్యుడికి చూపించమని కూడా చెప్పవచ్చు. రోజంతా గొలుసుకే కట్టేసి ఉంచడం పరిష్కారం అనిపిస్తుంది గానీ దానివల్ల కుక్క మరింత కోపిష్టిగా మారుతుంది. రెండు మూడు కుక్కలు ఉన్న ఇంట్లో ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతాయి కనుక అన్నిటినీ ఒకేసారి వదలవద్దని కోరాలి.

మాటతో పని జరగకపోతే ప్రతి సంఘటనకూ తేదీ, సమయం, ఫొటో జతచేసి స్థానిక పాలనా కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. రాళ్ళు విసరడం, గోడ మీదినుంచి కర్రతో కవ్వించడం వల్ల కుక్కకు మీ మీద పగే మిగులుతుంది. విషం పెట్టడం క్రూరత్వమే గాక చాలాచోట్ల నేరం కూడా, పైగా అది ఏ పసివాడి చేతికి చిక్కుతుందో చెప్పలేం.

కుక్క ఎదురుపడినప్పుడు పరుగెత్తకూడదు. మనిషి పరుగును ఏ కుక్కా మించలేదన్నది భ్రమ, పైగా పరుగు చూస్తే తరమాలన్న బుద్ధి దానికి పుడుతుంది. పక్కకు తిరిగి, చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్ళలోకి చూడకుండా, అలాగని దాన్ని చూపు దాటిపోనివ్వకుండా, నెమ్మదిగా వెనక్కి అడుగులు వేయాలి. చేతిలో సంచి, గొడుగు, ఏది ఉన్నా మధ్యలో అడ్డంగా పట్టుకోవాలి. సైకిలు మీద ఉంటే దిగి సైకిలునే అడ్డం పెట్టుకోవాలి. కరవడానికి వస్తే ఆ సంచినే నోటికి అందించవచ్చు. కింద పడిపోతే ముడుచుకుని బోర్లా పడుకుని, వేళ్ళు మెడ వెనుక పెనవేసి, మోచేతులతో చెవులనూ ముఖాన్నీ కప్పుకోవాలి. పిల్లలకు ఇది ఆటలాగా నేర్పించడం మంచిది, ఎందుకంటే వాళ్ళ ముఖం కుక్క నోటికి దగ్గరగా ఉంటుంది. రేబిస్ ఉందన్న అనుమానం ఉన్న జంతువులు కరిచినవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పన్ను దిగితే, గొడవకు వెళ్ళకముందే కుళాయి దగ్గరకు వెళ్ళాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. గడియారం చూసుకుని కడిగితే తప్ప అది ఎంత ఎక్కువ సమయమో తెలియదు. పసర్లు, పొడులు, నూనెలు పెట్టకూడదు, బిగించి కట్టు కట్టకూడదు. చిన్న గీతే కదా అని వదిలేయకుండా అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళితే, రేబిస్ టీకా, రక్తం వచ్చిన కాట్లకు గాయంలోనే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు), ధనుర్వాతం ఇంజెక్షను వీటిలో ఏవి అవసరమో ఆయన నిర్ణయిస్తారు. చేతి మీది కాట్లు త్వరగా చీము పడతాయి కనుక వాటిని చిన్నవైనా చూపించాలి. రేబిస్ లక్షణాలు సాధారణంగా 2 నుంచి 3 నెలల తర్వాత బయటపడతాయి, బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. మధ్యలో ఏమీ కాలేదన్న ధీమాతో టీకాలు ఆపేయకూడదు. కరిచిన కుక్కను చంపకుండా, ఊరు దాటించకుండా 10 రోజులు కట్టడిలో ఉంచి గమనించమని యజమానిని అడగాలి, ఆ గమనింపు కోసం టీకా వాయిదా వేయకూడదు. ఆ పది రోజుల్లో కుక్క కనిపించకుండా పోయినా, తిండి మానేసినా, చనిపోయినా ఆ మాట అదే రోజు వైద్యుడికి చేరవేయాలి.