షెడ్డు గోడకు ఏ రంగు, ఎంత మెరుపు: ఇబ్బందిని బట్టి తేల్చుకోవడం

వర్క్‌షాపు గోడలకు రంగు వేయించినాక వచ్చే గొణుగుడంతా షేడు మీదే పడుతుంది. "తెలుపు వద్దంటే ఇన్లేదు, మాసిపోయింది సూడు" అని ఒకరు, "ఈ పసుపు కంటికి కొడతాండాది" అని ఇంకొకరు. నా లెక్కలో తప్పు ఎక్కువసార్లు షేడుది కాదు, మెరుపుది. ఒకే తెలుపు మ్యాట్‌లో (అంటే మెరుపు లేని రంగులో) ఒకలా, మెరిసే ఆయిల్ పెయింటులో మరోలా నడుచుకుంటుంది. అందుకే షేడ్ కార్డు తెరిచేముందు మీ షెడ్డులో ఉన్న ఇబ్బంది ఏదో తేల్చుకోండి.

ట్యూబులైట్లు పెంచినా చీకటిగానే ఉంది

గోడలూ పైకప్పూ వెలుతురును మింగేస్తున్నాయి. మంచి తెలుపు తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతం తిరిగి ఇస్తుంది. లేత బూడిదరంగు దాదాపు సగం ఇస్తుంది. మన షెడ్లలో నిలువెత్తునా కొట్టే ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం 10, 20 శాతం దాటవు. కొత్త లైటు కొనేముందు బెంచీకి పైనున్న గోడను ఆఫ్‌వైట్ చేయండి. రేకుల అడుగుభాగాన్ని అందరూ మర్చిపోతారు. దానికీ లేత రంగు పడితే తేడా వెంటనే తెలుస్తుంది.

గోడ వైపు చూస్తే కళ్ళు చికిలిస్తున్నాయి

ఇది మెరుపు చేసే పని. లేత్ మిషను వెనక గోడకు గ్లాసీ ఎనామెల్ (మెరిసే ఆయిల్ పెయింటు) ఉంటే, లైటు దాంట్లో అద్దంలోలాగా కనబడుతుంది. వెర్నియర్ (కొలిచే పనిముట్టు) గీతలు చదివేవాడికి ఆ మెరుపు నేరుగా కళ్ళలో పడుతుంది. అద్దె షెడ్డయితే లైటును కాస్త జరిపి చూడండి, ఒక్కోసారి అంతటితో సరిపోతుంది. సొంతదైతే 180 లేదా 220 నంబరు గరుకు పేపరుతో గోడను (పాత ఎనామెల్ అయితే తడిపి) రుద్ది నునుపు చంపి, ప్రైమరు (రంగు పట్టేందుకు వేసే మొదటి పూత) కొట్టి, మ్యాట్ ఎమల్షన్ (నీళ్ళతో కలిపే రంగు) వేయండి. నున్నటి ఎనామెల్ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే గోరు పెడితే చాలు, ఊడొస్తుంది.

వెల్డింగు ఒకచోట, కళ్ళమంట ఇంకొకచోట

రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉందని పక్కన గ్రైండింగు చేసే కుర్రాడు అంటాడు. వెల్డింగు వైపు వాడు చూడనే లేదు. ఆర్క్ (వెల్డింగు మెరుపు) నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు గోడకు తగిలి తిరిగొచ్చి వాడి కళ్ళలో పడ్డాయి.

దీనికి మనవాళ్ళు చెప్పే మందు గోడకు నల్లరంగు కొట్టడం. అంత అవసరం లేదు. తెల్లరంగుల్లో వాడే టైటానియం డయాక్సైడు, జింక్ ఆక్సైడు కంటికి కనబడే వెలుతురును తిప్పికొడతాయి కానీ ఈ కిరణాలను చాలావరకు పీల్చుకుంటాయి. కాబట్టి మెరుపు లేని తెలుపో, లేత బూడిదో చక్కగా పనికొస్తుంది, షెడ్డూ చీకటి కాదు. దోషం అసలు సిల్వర్ పెయింటుది. షట్టర్లకూ, యాంగిల్ స్తంభాలకూ, రేకులకూ మనకు అదే అలవాటు. అందులో ఉండేది అల్యూమినియం పొడి, అది కిరణాలను బాగా వెనక్కి కొడుతుంది. రంగు లేని జింకు రేకు కూడా మెరుస్తున్నంత కాలం ప్రమాదమే. వెల్డింగు బెంచీ చుట్టూ ఉన్న సిల్వర్ మీద మ్యాట్ బూడిదరంగు వేయించండి.

రంగు మార్చినాక కూడా పరదా కట్టాల్సిందే, పక్కవాళ్ళకు పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు ఇవ్వాల్సిందే. ఇంకొకటి: థిన్నరు కలిపిన పెయింటు వేసిన రోజు ఆ షెడ్డులో ఆర్క్ కొట్టకండి. ఆవిరికి నిప్పురవ్వ చాలు.

నడుము ఎత్తులో నూనె చేతులు

గోడనంతా ఒకే రకంగా వేయడం వల్ల వచ్చే తంటా ఇది. నేల నుంచి నాలుగైదు అడుగులు, అంటే బెంచీకి కొంచెం పైదాకా, నడిరకం బూడిదరంగులో సెమీగ్లాస్ (ఓ మోస్తరు మెరుపున్న) ఎనామెల్ పట్టీ వేయించండి. మరక తుడిస్తే పోతుంది. ఆ పైన మ్యాట్. ఇప్పటికే జిడ్డు పట్టిన గోడయితే ముందు బట్టల సోడా కలిపిన వేణ్ణీళ్ళతో రుద్ది, కడిగి, ఆరనివ్వాలి. అయినా మరక ఎమల్షన్లోంచి పైకి తేలుతుంటే నీళ్ళ ప్రైమరు దాన్ని ఆపలేదు, థిన్నరుతో కలిపే ప్రైమరు కావాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పాలిషు షెడ్లలో నూనె బదులు రాతిబురద చిందుతుంది. అక్కడ పట్టీని ఇంకాస్త ఎత్తుకు పెంచండి.

అడుగున పొక్కులు, తెల్లటి పొడి

"అనంతపురంలో వానే పడదు, చెమ్మ ఎక్కడిది?" అంటారు. వాన లేకపోయినా బండ్లు కడిగే నీళ్ళున్నాయి, గోడవారన పెట్టిన డ్రమ్ములున్నాయి, చౌడునేల ఉంది, ఉప్పునీటి బోరుతో క్యూరింగ్ చేసిన ప్లాస్టరింగు ఉంది. గోడలోని తడి బయటికి వస్తూ కరిగిన లవణాలను పైకి మోసుకొస్తుంది. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. దానిపైన ఆయిల్ పెయింటు ఉంటే తడికి దారి దొరక్క పొక్కులు లేస్తాయి.

తడి ఎటునుంచి వస్తోందో కనుక్కోవడానికి అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. గోడవైపు నీటిబొట్లు పడితే తడి లోపలిదే. అప్పుడు ముందు నీళ్ళ సంగతి చూడాలి: కాలువ, పైపు, కడిగే చోటు. పొడిని పొడి బ్రష్షుతోనే దులపండి. నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ కరిగి లోపలికే పోతుంది. గోడ పూర్తిగా ఆరేదాకా అడుగుభాగానికి సున్నం మంచిది, గోడ గాలి పీలుస్తుంది. వాటర్‌ప్రూఫ్ కోటింగు లోపలివైపు పూస్తే సరిపోతుందనే మాట నమ్మకండి. పొక్కు మరో అడుగు పైకెక్కి లేస్తుంది.

కొత్త ప్లాస్టరింగు మీద ఆయిల్ పెయింటు తొందరపడి వేసినా ఇలాంటి అవస్థే. సిమెంటులోని క్షారం ఎనామెల్లోని నూనెను సబ్బులా మార్చేస్తుంది, రంగు జిగురుజిగురుగా ఊడుతుంది. 28 రోజులు ఆగి, క్షారాన్ని తట్టుకునే ప్రైమరు వేసి మొదలుపెట్టండి.

పెచ్చులుగా రాలుతోంది

గోడను చేత్తో రుద్దండి. తెల్లగా పొడి అంటితే, పాత సున్నమో డిస్టెంపరో కింద ఉన్నట్టు. కొత్త రంగు గోడకు కాదు, ఆ పొడికి అంటుకుంది. గీకాలి, ప్రైమరు వేయాలి, ఇంకో దారి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి గోడకు వేసినా సరిగా పట్టదు, బ్రష్షు కదిలేలోపే ఆరుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేయమనండి.

గీకేది పాత ఎనామెల్ అయితే, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ అయితే, పొడిగా పేపరు కొట్టనివ్వకండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం అనే విషలోహాన్ని (లెడ్) 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్ళలో 90కి, పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందటి డబ్బాల్లో అది ఎంతైనా ఉండొచ్చు. తడిపి రుద్దించండి, మాస్కు ఇవ్వండి, పిల్లలను అటు రానివ్వకండి.

లోపల ఉక్క

లేత నీలం వేస్తే చల్లగా ఉంటుందనేది కంటికి మాత్రమే. వేడి తగ్గాలంటే రేకుల పైనా, పడమటి గోడ బయటివైపునా తెలుపు వేయాలి.

షెడ్డులో కలిసిన రంగు బయట కలవడం లేదు

డెంటింగు, పెయింటింగు చేసేవాళ్ళ బాధ. గోడ పసుపో, పచ్చో అయితే దాని ఛాయ కారు తలుపు మీద పడుతుంది, టించరు (రంగు కలిపేవాడు) ఆ ఛాయకు తగ్గట్టే కలిపేస్తాడు. ఇక్కడ మాత్రం గోడకు ఏ వన్నె కలవని లేత బూడిద, మ్యాట్‌లో వేయించండి. లైట్లు సీఆర్‌ఐ (రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన, 5000 నుంచి 6500 కెల్విన్ (వెలుతురు వన్నెకు కొలత) మధ్య ఉండేవి తెచ్చుకోండి. చివరి మాటకు తలుపును పగటిపూట బయటికి తెచ్చి చూడండి, ఎండలో కాదు, నీడపట్టున.